హీటర్ కొనే ముందు అటక మీది రజాయి దించండి

దీపావళి దాటిందంటే మా ఆదిలాబాద్‌లో ఇగం, అంటే చలి, మొదలైనట్టే. డిసెంబర్‌లో మా వైపు ఊళ్లు అర్లి(టి), బేల, సిర్పూర్(యు) పేర్లు పొద్దున్నే పేపర్లో కనబడతాయి, పక్కనే ఆరు, ఏడు అని డిగ్రీలు. హైదరాబాద్‌లో ఉండే మా ఆడబిడ్డ "పదిహేనుకే వణుకుతున్నాం వదినా" అని ఫోన్ చేస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు. మాది అద్దె ఇల్లు. పైన రేకులు, కింద బండలు. పగలు ఎంత ఎండ కాసినా రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇల్లంతా చల్లబడిపోతుంది. మా అత్తమ్మ మోకాళ్లు ఆ సంగతి ఏడింటికే చెప్పేస్తాయి.

ఈసారి చలికాలం కోసం నేను పెట్టిన పెద్ద ఖర్చు ఒక దూది మిషన్ దుకాణంలో. దానికి బోర్డు లేదు, ఫోన్‌లో మ్యాప్ చూస్తే దొరకదు. గాంధీచౌక్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, దారిలో ఎవరినడిగినా చూపిస్తారు. ఒక్క షట్టర్ గది, ముందు రేకుల పంచ. మిషన్ నడిపేది ఒక చాచా, కుట్టేది చాచీ. పాత పరుపులు, దిండ్లు, రజాయిలు విప్పి, దూది ఏకి, మళ్లీ నింపి కుట్టిస్తారు. కొత్తవి కూడా చేస్తారు గానీ నా పని పాతదానితోనే.

మా ఆయన మొదట రూమ్ హీటర్ అన్నారు. పద్నాలుగు వందలకు రెండు రాడ్లది వస్తుందట. వస్తుంది, కాదనను. కానీ దాని డబ్బా మీద 2000 వాట్లు అని ఉంటుంది. రాత్రి నాలుగు గంటలు వేస్తే 8 యూనిట్లు, నెలకు 240. మాకు గృహజ్యోతి పథకం ఉంది, 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు. మామూలు నెలల్లో మా మీటర్ 130 దగ్గర ఆగుతుంది. హీటర్ వచ్చిందంటే 370. అప్పుడు పైనున్న 170 యూనిట్లకే కట్టి ఊరుకుందామంటే కుదరదు, మొత్తానికీ బిల్లు పడుతుంది, అదీ 200 దాటినవాళ్ల రేటులో. మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, 200 దాటాక 7 రూపాయల 70, 300 దాటాక 9 రూపాయలు. కాగితం మీద వేసి చూపించాను. నెలకు రెండు వేల పైమాటే. హీటర్ ధర కన్నా దాని తిండి ఎక్కువ. ఆయన కాగితం రెండు సార్లు చూసి టీవీ సౌండ్ పెంచుకున్నారు.

ఇక మిగిలింది అటక మీద ట్రంకు పెట్టెలోని రజాయి. అత్తమ్మ పెళ్లికి ముందో తర్వాతో కుట్టించిన సరుకు. ఎత్తితే నాలుగు కిలోలుంటుంది, కప్పుకుంటే మాత్రం వెచ్చగా ఉండదు. కాళ్ల దగ్గర ఒక గడ్డ, నడుము దగ్గర ఒక గడ్డ, మధ్యలో ఉత్త గుడ్డ. నిజానికి రజాయి మనకు వేడి ఇవ్వదు, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఆ పని చేసేది దూది పోగుల మధ్య నిలిచిన గాలి. ఏళ్ల తరబడి నలిగి, తేమ పట్టి దూది ఉండలు కడితే గాలికి చోటుండదు. బరువేమో అంతే ఉంటుంది. దీన్ని పారేసి కొత్త బ్లాంకెట్ కొనడం కన్నా దూదిని మళ్లీ పొంగించడం మేలని అత్తమ్మ ముందునుంచీ చెబుతూనే ఉంది. వినేవాళ్లు ఉండాలి కదా.

చాచా రజాయిని ముందు అలాగే తూకం వేశాడు. తర్వాత నా ఎదురుగానే కుట్లు విప్పి, గలీబు (పై గుడ్డ సంచి) తీసేసి, దూదిని వేరుగా తూచాడు. ఈ పద్ధతి నాకు నచ్చింది. కొన్ని చోట్ల మూట అక్కడ పడేసి రమ్మంటారు, వెనక ఏం జరుగుతుందో మనకు తెలియదు, మన మంచి దూది పోయి ఎవరిదో రంగు పీలికల దూది ఇంటికొస్తుంది. ఇక్కడ కూర్చోవడానికి ఒక స్టూలు కూడా ఇస్తారు. కాకపోతే ముక్కుకు కొంగు గట్టిగా చుట్టుకుని కూర్చోవాలి.

మిషన్ అంటే పెద్దదేమీ కాదు. మోటారు, బెల్టు, లోపల ఇనుప పళ్ల డ్రమ్ము. ఉండలు కట్టిన దూదిని చాచా చేత్తో పీకి కొంచెం కొంచెంగా మిషన్ నోట్లో పెడుతుంటే, అటువైపు నుంచి పొగలాగా తేలుతూ పొరలు పొరలుగా బయటికొస్తుంది. మా చిన్నప్పుడు భుజాన పెద్ద విల్లు వేసుకుని, దాని నారి టంగ్ టంగ్ అని మీటుతూ దూదేకేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు. ఆ చప్పుడు వినగానే దిండ్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లం. విల్లుతో ఏకితే పోగు తెగదని, మిషన్ కొంత తెంపుతుందని చాచానే ఒప్పుకున్నాడు. "విల్లు పట్టే చేతులు ఇప్పుడేవి బేటీ" అన్నాడు. అందుకే బాగా పాతబడిన దూదిని రెండోసారి మిషన్‌లో వేయనని, మళ్లీ వేస్తే పిండి అవుతుందని చెప్పాడు. ఎక్కువ సార్లు ఏకితే ఎక్కువ మంచిదని అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నాలుగు కిలోలు పెడితే మూడు కిలోల ఆరు వందల గ్రాములు వచ్చింది. తగ్గింది ఎటు పోయిందని నేను అడగకముందే మిషన్ కింది నుంచి దుమ్ము, నల్లటి పొట్టు చేటలోకి తీసి చూపించాడు. దానికి ఒక కిలో కొత్త దూది కలపమన్నాను. పాతదానికి పొంగు నిలవాలంటే కొంత కొత్తది పడాలి.

కొత్త దూది దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. నూలు మిల్లుల వేస్టు, పాలిస్టర్ పీచు కలిపి అమ్మేవాళ్లున్నారు. చూడటానికి అదే ఎక్కువ తెల్లగా మెరుస్తుంది. నేను చిటికెడు తీసుకుని గుమ్మం బయట అగ్గిపుల్ల గీశాను. దూదైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేలితో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది, ప్లాస్టిక్ వాసన కొడుతుంది. నాకొచ్చింది మెత్తటి బూడిదే. చాచా నొచ్చుకోలేదు, "అందరూ ఇట్ల చూసుకుంటే మాకే మంచిది" అన్నాడు. దుకాణం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

పత్తి పండే జిల్లాలో ఉండి దూది కొనడమేంటని మీకు అనిపించవచ్చు. మా మరిది జైనథ్ దగ్గర పత్తి వేస్తాడు, ఒక సంచి నింపి ఇస్తానన్నాడు. కానీ చేనులోంచి వచ్చే పత్తిలో గింజ ఉంటుంది. క్వింటాల్ పత్తి జిన్నింగ్ చేస్తే, అంటే గింజ తీస్తే, దూది దాదాపు మూడో వంతే, మిగతాది గింజ. కిలో దూదికి మూడు కిలోల పత్తి కావాలి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు, అంటే కిలో 81. మూడు కిలోలంటే 240 పైన. చాచా ఏకిన దూది కిలో 220 తీసుకున్నాడు. మరిది పత్తి మార్కెట్‌కు పోవడమే మేలు. పైగా ఈ దుకాణంలో గింజ తీయరు, గింజ పత్తి తెస్తే అలాగే వెనక్కి పంపుతారు.

తర్వాత నింపడం. ఇది చూసి తీరాలి. మూడు వైపులా కుట్టిన గలీబును తిరగేసి నేల మీద పరిచారు. దాని మీద దూది పొరలు పేర్చి, చాచా సన్నటి బెత్తంతో టపటపా కొడుతూ అంతటా సమం చేశాడు. అప్పుడు ఇద్దరూ చెరో మూల పట్టుకుని దూదితో సహా చాపలా చుట్టుకుంటూ వచ్చి, చివర్న తెరిచి ఉన్న అంచు దగ్గర చేయి దూర్చి గలీబును మొత్తం చుట్ట మీదుగా తిరగేశారు. పైనున్న దూదంతా లోపలికి వెళ్లిపోయింది, ఒక్క పొర చెదరలేదు. విప్పి పరిస్తే రజాయి! నేను మళ్లీ చేసి చూపించమని అడగబోయి ఊరుకున్నాను. ఆపైన చాచీ దబ్బనంతో, లావు దారంతో అంచుల నుంచి లోపలికి చతురస్రాలుగా కుట్టుకుంటూ వచ్చింది. ఈ కుట్లే దూదిని కదలనివ్వవు.

లెక్క చెబుతాను. ఏకినందుకు కిలోకు 40 చొప్పున 160. కొత్త దూది 220. గలీబుకు కోరా గుడ్డ నేనే తీసుకెళ్లాను, పెద్ద పన్నాది 5 మీటర్లు, మీటర్ 70 చొప్పున 350. దుకాణంలో కూడా గుడ్డ ఉంటుంది గానీ అది పలచన, దూది పోగులు బయటికి వచ్చేస్తాయి. కుట్టుకూలి 250. మొత్తం 980 రూపాయలు. ఫోన్‌పే తీసుకుంటారు. బజారులో ఇంత పెద్ద మింక్ బ్లాంకెట్ పదిహేను వందలకు తక్కువ చెప్పలేదు. పైకి మెత్తగానే ఉంటుంది, కానీ పాడయ్యాక విప్పి బాగుచేసుకునేదేమీ ఉండదు.

ఇక ఫిర్యాదులు. మొదటిది, మాట మీద నిలబడరు. ఆదివారానికి ఇస్తామన్నది ఆ తర్వాతి శుక్రవారం చేతికొచ్చింది. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తరు, మిషన్ చప్పుడులో వినబడదట. రెండోది, రసీదు ఇవ్వరు. తూకం నేను ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను, మీరూ తీసుకోండి. మూడోది, మూలల్లో కుట్లు దూరం దూరంగా పడ్డాయి. దూది జారేది మొదట అక్కడి నుంచే. చూపించి అడిగితే చాచీ మొహం చిన్నబుచ్చుకుంది గానీ కుట్టి ఇచ్చింది, అదనంగా తీసుకోలేదు. ఇంటికి తెచ్చి ఇవ్వడమనేది లేదు, ఆటో మనదే. ఆయాసం ఉన్నవాళ్లు లోపలికి వెళ్లకండి, ఆ దుమ్ము మామూలుది కాదు.

రాత్రి కప్పుకుంటే తేడా కాళ్ల దగ్గర తెలిసింది. ఇదివరకు అత్తమ్మ సాక్సులు వేసుకుని, రెండు చెద్దర్లు చుట్టుకుని, పైన ఈ రజాయి వేసుకుని కూడా అర్ధరాత్రి లేచి కూర్చునేది. ఇప్పుడు ముసుగు తన్ని పడుకుంటే పాలవాడు వచ్చేదాకా కదలదు. తెల్లవారుజామున మూడు నాలుగు మధ్య చలి బాగా ముదిరినప్పుడు కూడా లోపల చేయి పెడితే వెచ్చగానే ఉంది. మొదటి కొన్ని రోజులు బట్టలకు తెల్లటి నూగు అంటింది. పాత కాటన్ చీరలు రెండు కలిపి పై గలీబు కుట్టి తొడిగాక అదీ ఆగింది. ఉతకాల్సింది ఆ చీరల గలీబునే, రజాయిని నీళ్లలో పెట్టకూడదు. వారానికోసారి పదకొండింటి నుంచి మూడింటి దాకా మంచం మీద ఎండకు వేసి, మంచు పడకముందే లోపలికి తెచ్చేస్తే చాలు, మళ్లీ పొంగుతుంది.

రజాయి ఒక్కటే ఇంటిని కాపాడదు, నిజమే. తలుపుల కింద సందుల్లో చిరిగిన చీరను చుట్టగా చుట్టి పెట్టాను. పడుకునే చోట బండల మీద గోనె సంచులు, వాటి మీద చాప. వెంటిలేటర్లకు అట్టముక్కలు కొట్టాను, కానీ ఒకటి వదిలేశాను. పక్కింటివాళ్లు రాత్రి గదిలో కుంపటి పెట్టుకుంటారు, వెంటిలేటర్ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, విషవాయువుకు వాసన కూడా ఉండదు. ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతారు. స్నానాలకు 1500 వాట్ల వాటర్ రాడ్డు ఉంది, బకెట్‌కు అరగంట. రోజుకు రెండు బకెట్లైతే నెలకు 45 యూనిట్లు, మొత్తం 175 దగ్గర ఆగుతుంది. మూడో బకెట్ కూడా రాడ్డుతోనే అంటే 200 అంచుకు వస్తాం. అందుకే మా ఆయన నీళ్లు పెరట్లో పత్తి కట్టె మంట మీద కాగుతాయి. ఆ కట్టె మాత్రం మరిది చేనుదే, దానికి జిన్నింగ్ అక్కర్లేదు.

ఎవరు వెళ్లాలంటే, ఇంట్లో పాత దూది రజాయో పరుపో ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లాలి. లోపల ఉన్నది ఫైబరో స్పాంజో అయితే వెళ్లి లాభం లేదు, మిషన్‌లో వేయరు. బూరుగు దూది దిండ్లు కూడా ఈ మిషన్‌లో ఏకరు, పోగు పొట్టిది, ఎగిరిపోతుందంటారు. వాటిని ఎండలో పెట్టి చేత్తో విదుపుకోవడమే. నవంబర్ చివరికి దుకాణం ముందు మూటలు రోడ్డు దాకా వస్తాయి, అప్పుడు వెళ్తే సంక్రాంతికి గానీ ఇవ్వరు. దసరా సెలవుల్లోనే వేసి రండి. అంగడి రోజు వద్దు, శుక్రవారం మధ్యాహ్నం షట్టర్ దించి ఉంటుంది, మూడు దాటాక తీస్తారు.