పాత ఫ్రిజ్జా, పెంకుల గూడా, తలుపు చెక్కలా? తాబేలుకి చలికాలంలో ఏది మేలు

మా తాబేలు పేరు గుండ్రాయి. సల్కాటా అనే ఆఫ్రికా జాతి. హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాన్నగారబ్బాయి అపార్ట్‌మెంట్ మారుతూ "అన్నయ్యా, మీకు పెరడు ఉంది కదా" అని పాలకొల్లు పక్కన మా ఊరికి తెచ్చి దింపేశాడు. కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదైన కాగితాలు కూడా ఇచ్చాడు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. చెరువుల్లో దొరికే తాబేళ్లనీ, నక్షత్ర తాబేళ్లనీ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సల్కాటా లాంటి విదేశీ జాతికైనా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం నమోదు ఉండాలి. కాగితం లేని తాబేలుకి గూడు కడుతూ కూర్చోకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి.

"మన గోదారి జిల్లాల్లో చలేంటండీ, అదీ తాబేలుకి!" అని నవ్వినవాళ్లే ఎక్కువ. ధనుర్మాసంలో తెల్లవారుజామున మా పెరట్లో థర్మామీటరు 17, 18 డిగ్రీలు చూపిస్తుంది. మనకది దుప్పటి కప్పుకుని హాయిగా పడుకునే చలి. సల్కాటా సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే పొడినేలల జీవి. చలికాలమంతా నిద్రపోయే అలవాటు దానికి లేదు. అయినా వట్టి చలిని కాస్త తట్టుకుంటుంది. తట్టుకోలేనిది చలీ చెమ్మా కలిసి రావడం. మన దగ్గర అక్టోబరు, నవంబరుల్లో తుపానులు నేలని నానబెడతాయి, ఆ నేల ఆరకముందే మంచు మొదలవుతుంది. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి, ఆ తర్వాత న్యుమోనియా.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తలకెక్కింది. కుక్కని పెట్టెలో పడుకోబెడితే దాని ఒంటి వేడికి పెట్టె వెచ్చబడుతుంది. తాబేలుకి సొంత వేడి లేదు. దానికి ఎంత మందపాటి గోడలు కట్టినా, లోపల వేడి ఇచ్చేది ఏదో ఒకటి లేకపోతే మనం కట్టింది ఐసుపెట్టె.

మొదటి ఏడాది కట్టింది అచ్చంగా అదే. పాత సామాన్ల కొట్టులో కంప్రెసర్ పీకేసిన సింగిల్ డోర్ ఫ్రిజ్ దొరికింది. కొట్టతను "తాబేలుకి ఫ్రిజ్జా అండీ, ఆయ్!" అని ఇద్దరు ముగ్గురిని పిలిచి మరీ చూపించాడు. గోడల్లో ఫోమ్ ఉంటుంది, వేడి నిలుస్తుంది, పందికొక్కు కొరకలేదు. కాగితం మీద దీన్ని మించింది లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, కింది వైపు దారి కోయించి, లోపల వెచ్చగా ఉండటానికి ఒక హీటరు పెట్టాను. వారం తిరక్కుండా తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే లోపలి ప్లాస్టిక్ గోడల మీద నీళ్లు బొట్లు కట్టి కారుతున్నాయి. తాబేలు ఊపిరి, అది విసర్జించిన తడి, బయటి మంచు, అన్నీ ఆ పెట్టెలోనే. గుండ్రాయి తల లోపలికి లాక్కుని కదలకుండా ఉంది. ముక్కు దగ్గర చిన్న బుడగ. పశువుల డాక్టరుగారి చుట్టూ పది రోజులు తిరిగాం. గాలికి పైన రెండు కన్నాలు పెడితే చెమ్మ తగ్గింది, వేడి కూడా తగ్గింది. పైగా ఫ్రిజ్ లోపలి వెడల్పు మూరెడే. మూరెడు బారున్న తాబేలు లోపలికి వెళ్లగలదు, తిరగలేదు. ఎవరైనా ఫ్రిజ్జే వాడదామనుకుంటే అందులోని గ్యాసుని మెకానిక్ చేత తీయించాలి, తలుపుకుండే అయస్కాంతం రబ్బరు పీకేయాలి. పొరపాటున మూసుకుంటే గాలాడదు.

రెండో ఏడాది ఇటుకా పెంకూ. మా వీధి చివర మండువా లోగిలి పడగొడుతుంటే పాత ఇటుకలూ బెంగుళూరు పెంకులూ ట్రాక్టరు కిరాయికే వచ్చాయి. ఇటుక పగలంతా ఎండ తాగి రాత్రి వేడి వదులుతుందని నా లెక్క. ఎండ కాసిన రోజున ఎనిమిదింటి దాకా అది నిజమే. తర్వాత అదే ఇటుక తెల్లారేదాకా చల్లగా తగులుతూ ఉంటుంది. ముసురు పట్టిన రోజున తాగడానికి ఎండే లేదు. పైగా పాత ఇటుక నేలలోని తడిని పైకి పీలుస్తుంది. మోకాలి లోతు తవ్వితే నీరు ఊరే నేల మాది. సల్కాటా తన సొంత దేశంలో పొడవైన బొరియ తవ్వుకుని ఉంటుందని, వీడియోల్లో నేలలోపల గదులు కట్టి చూపిస్తారు. ఇక్కడ ఆ పని చేస్తే తాబేలుకి గది కాదు, నుయ్యి తవ్వినట్టు. పెంకుల గూడు చూడముచ్చటగా ఉంటుంది, ఎండాకాలంలో నీడకి దాన్ని మించింది లేదు. ఇప్పటికీ గుండ్రాయి మేలో మధ్యాహ్నాలు అందులోనే. చలికాలానికి మాత్రం నేను ఓటు వేయను.

మధ్యలో భీమవరం నుంచి తెచ్చిన రొయ్యల థర్మాకోల్ పెట్టెలూ చూశాను. ఉత్తి చేతులతో తేవచ్చు, ధర లేదు. తాబేలు కొరికి మింగుతుంది, పేగుల్లో అడ్డం పడుతుంది. పందికొక్కులకైతే పండగే. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కూడా వద్దు. అందులో ముందు ఏ మందు పోశారో మనకి తెలియదు.

మూడో ఏడాది నిలబడింది తలుపు చెక్కల గూడు. అదే మండువా లోగిలి తలుపులు రెండు, భోగిమంటకని కుర్రాళ్లు మోసుకుపోతుంటే అడ్డం పడి, బదులుగా రెండు బళ్ల తాటిమట్టలు వేయించి దక్కించుకున్నాను. పాత టేకు, బరువు చూస్తే ఇద్దరు మోయాలి. వడ్రంగి చేత రెండు పొరల గోడ చేయించాను. బయట తలుపు చెక్క, లోపల మామూలు పలక, మధ్యలో ఆ తిట్టిన థర్మాకోలే. చెక్కల మధ్య బందీ అయితే దానంత మంచిది లేదు, తాబేలు నోటికి అందదు. చెక్క కొంచెం చెమ్మ పీల్చుకుని ఎండలో వదిలేస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లోలాగా బొట్లు కట్టవు. కప్పుని బందుల మీద తెరుచుకునేలా పెట్టి, ఎండ వచ్చిన ప్రతి ఉదయం గంటసేపు తీసి ఉంచుతాం. పనంతా ఇదే, మానేస్తే చెక్కకీ బూజు పడుతుంది.

మిగిలిన ఇటుకలు అరుగయ్యాయి. అడుగున్నర ఎత్తు, పైన పాత ప్లాస్టిక్ షీటు, దాని మీద గూడు. ఎక్కడానికి ఏటవాలు పలక, జారకుండా అడ్డంగా బద్దలు. దారికి పాత రబ్బరు మ్యాటు నిలువుగా చీల్చి వేలాడదీశాం. కింద వరిగడ్డి వేస్తే రెండు రోజుల్లో ముక్కిపోతుంది, కొబ్బరి పొట్టు చెమ్మ పట్టి ఉంచుతుంది, గోనె సంచి పోగులు గోళ్లకి చుట్టుకుంటాయి. ఎండబెట్టిన గరిక వేసి రోజూ మారుస్తున్నాం. తినేసినా ఫర్వాలేదు.

చెక్కకి లోపాలు లేవని కాదు. చెదలు ఒకటి, అందుకే గూటి చెక్క నేలని తాకకూడదు. పాత రంగులో సీసం ఉండొచ్చు, లోపలి వైపు రంగు చెక్క వాడొద్దు. ఇప్పుడు 12 కిలోలున్న గుండ్రాయి పెద్దదైతే 40 కిలోలు దాటొచ్చు. అప్పుడు ఈ గోడల్ని భుజంతో తోసేయగలదు. ఫ్రిజ్‌ని పెంచలేం, చెక్క గూటికి ఇంకో తలుపు జోడించగలం.

వేడికి వెలుగు లేని సిరామిక్ హీటరు, థర్మోస్టాట్‌తో, 24 డిగ్రీల దగ్గర పెట్టాను. అది మర తిప్పి బిగించేది, మన ఇళ్లలో పిన్ను హోల్డరుకి పట్టదు. పింగాణీ హోల్డరే కొనండి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. డిప్పకి దగ్గరగా ఉంటే పైపెంకు కాలుతుంది కాబట్టి జానెడు పైన, చుట్టూ ఇనుప జాలీ. చెమ్మ నేల మీద కరెంటు కాబట్టి లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకరు లేకుండా ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. కరెంటు పోయిన రాత్రి అసలు తేడా తెలిసింది. పెంకుల గూడు గంటలో చల్లారిపోయేది. చెక్క గూట్లో రెండు వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి పెడితే తెల్లారేసరికి 21 ఉంది.

ఫ్రిజ్ ఇంకా పెరట్లోనే ఉంది. మా అమ్మ అందులో విత్తనాల వడ్లు పోసింది. పందికొక్కు కొరకలేదన్నాను కదా, ఆ ఒక్క మాట నిజమే.