నవల చదివించి సినిమా చూపించే దర్గామిట్ట అద్దె గ్రంథాలయం

నెల్లూరు దర్గామిట్టలో ఒక మేడ మీద నడిచే అద్దె గ్రంథాలయం వారు నెలకొక విదేశీ నవలను ఇంగ్లీషు అనువాదంలో చదవడానికిచ్చి, నెలాఖరు శనివారం సాయంత్రం దాని ఆధారంగా తీసిన చిత్రాన్ని ప్రదర్శిస్తున్నారు. చందా 200 రూపాయలు. ప్రస్తుతం జర్మన్ కథలలో ప్రేమ, కోరిక, ఆడమగ తేడాలు అన్న అంశాన్ని తీసుకున్నారు. తియోడోర్ ఫోంటానే 1895 నాటి నవల ‘ఎఫీ బ్రీస్ట్’ను, దాన్ని ఫాస్‌బిండర్ 1974లో నలుపు తెలుపులలో తీసిన చిత్రాన్ని వెంటవెంటనే చదివి చూసే అవకాశం కల్పించినందుకే ఈ చందా చెల్లుతుందని నా అభిప్రాయం.

పదిహేడేళ్ల ఎఫీని, ఒకప్పుడు ఆమె తల్లినే వలచిన ముప్ఫై ఎనిమిదేళ్ల ఇన్‌స్టెటెన్‌కు ఇచ్చి పెళ్లి చేస్తారు. ఈ నవల వచ్చిన రెండేళ్లకు అచ్చయిన మన ‘కన్యాశుల్కం’ చదివినవారికి ఈడు కుదరని పెళ్లి కొత్త సంగతి కాదు. ఒంటరితనంలో ఆమె క్రాంపాస్ అనే సైనికాధికారికి దగ్గరవుతుంది; ఆ కలయికలను ఫోంటానే ఎక్కడా వర్ణించడు. ఏళ్లు గడిచాక క్రాంపాస్ ఆమెకు రాసిన పాత ఉత్తరాలు బయటపడినప్పుడు, తనకు పగ లేదనీ, భార్య మీద ప్రేమ ఇంకా ఉందనీ ఇన్‌స్టెటెన్ మిత్రుడితో ఒప్పుకుంటూనే, సంగతి మరొకరి చెవిన పడింది కనుక క్రాంపాస్‌తో ద్వంద్వయుద్ధం తప్పదంటాడు. నలుగురి మాటకు వెరచి మనిషిని చంపడమంటే ఏమిటో ఇంత నిదానంగా చెప్పిన రచన అరుదు. ఆ తరువాత, ఎఫీకి దూరమైన కూతురు ఆమెను చూడటానికి వచ్చినప్పుడు, తల్లి ఏమడిగినా ‘అనుమతి ఉంటే తప్పకుండా’ అని నేర్పిన పలుకులే పలుకుతుంది. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఫాస్‌బిండర్ ఆ మౌనాన్ని చెడగొట్టలేదు. నవలలోని వాక్యాలను తానే చదువుతాడు, కొన్నిటిని అక్షరాలుగానే తెర మీద నిలుపుతాడు, పాత్రలను తరచు అద్దాలలో చూపుతాడు. తమ అవసరాలు తెలిసి కూడా అమలులో ఉన్న వ్యవస్థకు తలవంచి దాన్నే బలపరిచేవారి గురించి చిత్రం పేరులోనే ఒక సుదీర్ఘ వాక్యం చేర్చాడు. హన్నా షిగుల్లా ఎఫీగా ఒక్కసారైనా జాలి కోసం నటించలేదు.

అంతకు ముందు లియొంటీన్ సాగన్ 1931లో తీసిన ‘మేడ్షెన్ ఇన్ యూనిఫార్మ్’ను పుస్తకం లేకుండానే చూపారు. పాత్రధారులందరూ స్త్రీలే అయిన ఆ చిత్రంలో, హాస్టలు బాలిక ఒకతె తన ఉపాధ్యాయినిపై ప్రేమను అందరి ఎదుటా ప్రకటిస్తుంది. దానికి మూలమైన క్రిస్టా విన్స్లో నాటకం కూడా దొరికి ఉంటే బాగుండేది.

లోపాలు లేకపోలేదు. ఫాస్‌బిండర్ చిత్రంలో దృశ్యాలు తరచు తెల్లదనంలోకి కరిగిపోతాయి. అక్కడ తెల్లని సబ్‌టైటిళ్లు కనిపించవు. కాస్త నల్లని అంచున్న ప్రతిని తెప్పించాలి. అంతకంటే ముఖ్యమైనది వేళ. ప్రదర్శన ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వెళ్లవలసిన ఆడవారు బస్సు కోసం ముందే లేచిపోగా, ఎఫీ చేసింది తప్పా కాదా అన్న చర్చ మగవారి మధ్యనే సాగింది. ఆదివారం ఉదయం పదింటికి మొదలుపెట్టమని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. చందాదారులు, ముఖ్యంగా మగవారు, ఇదే మాట అడగాలని కోరుతున్నాను.