పొరల ఇంటెలిజెంట్ సర్ఫేస్‌కు ఎఫ్ఆర్4 షీటు పనికొస్తుందా?

రేడియో తరంగం ఫేజును, అంటే అల ఎత్తుపల్లాల స్థానాన్ని మార్చే చిన్న చిన్న సెల్స్ ఉన్న షీట్లను ఒకదాని వెనుక ఒకటి పేర్చి, వాటి గుండా వెళ్లే తరంగాన్ని కావాల్సినట్టు మలిచేదే పొరల ఇంటెలిజెంట్ సర్ఫేస్. ఇక్కడ ఒక్కో సెల్ ఫేజును డయోడ్ ఆన్, ఆఫ్ చేసి మారుస్తాం. నల్లగొండ, పాలమూరు ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులకు తేలిగ్గా అందేది హైదరాబాద్ కోఠిలో దొరికే 1.6 మి.మీ. ఎఫ్ఆర్4 కాపర్ షీటే (సర్క్యూట్ బోర్డులకు వాడే, రాగి పొర ఉన్న గ్లాస్ ఫైబర్ షీటు). ధర తక్కువ, కోత, డ్రిల్లు, సోల్డరింగ్ అన్నీ సులువు. ఒక్క పొర రిఫ్లెక్టర్‌కైతే ధైర్యంగా కొనొచ్చు. నాలుగు పొరలు పేర్చాలంటే మాత్రం లెక్క వేరు.

అసలు చిక్కు నష్టంతోనే. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర దీని లాస్ టాంజెంట్ (తరంగం శక్తిని షీటు ఎంత తినేస్తుందో చెప్పే సంఖ్య) సుమారు 0.02. తక్కువ నష్టం కోసం చేసిన రోజర్స్ 4003సీ షీటుది 0.0027. ఒక్కో పొర 1.5 డీబీ తిన్నా నాలుగింటికి 6 డీబీ. అవతలికి చేరేది పావు వంతు పవరే. ప్రతి సెల్ నష్టం లేనిదనుకునే కంప్యూటర్ మోడల్‌లో ఇది కనపడదు, పొరలు పెంచేకొద్దీ లాభమే చూపిస్తుంది. ముందు ఒక పొరను వీఎన్ఏతో (వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ అనే కొలత పరికరం) డయోడ్ ఆన్, ఆఫ్ రెండు స్థితుల్లో కొలవండి. వచ్చిన ఎస్21 (పొర దాటి అవతలికి వెళ్లిన తరంగం కొలత) యాంప్లిట్యూడ్, ఫేజులనే మోడల్‌లో వేయండి. ఆప్టిమైజేషన్‌లో తేలిన ఫేజులను చివర్లో ఒక బిట్‌కు, అంటే ఆన్, ఆఫ్ రెండు విలువలకే కుదించి వదిలేయొద్దు. ఒక్కో సెల్‌ను మార్చి చూస్తూ, పొర తర్వాత పొర, మళ్లీ ఒకటి రెండు రౌండ్లు నడపాలి.

షీటు షీటుకూ పర్మిటివిటీ (తరంగాన్ని షీటు ఎంత నెమ్మదింపజేస్తుందో తేల్చే గుణం) మారుతుంది. 4.4 అనుకున్న చోట 4.6 వస్తే రెజొనెన్స్, అంటే సెల్ బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ, సుమారు 130 మెగాహెర్ట్జ్ కిందికి జారుతుంది. కాబట్టి అన్ని పొరలూ ఒకే షీటు నుంచి కోయండి.

మన ఎండలకు గోడకు ఆనించిన పెద్ద షీటు వంగిపోతుంది. 3 మి.మీ. వంపంటే 21 డిగ్రీల ఫేజు తప్పు! పడుకోబెట్టి ఉంచండి. నాలుగు మూలలతో పాటు మధ్యలోనూ నైలాన్ స్పేసర్లు బిగించండి, లోహపువి వద్దు.