నయీంనగర్ పాలిటీ బ్యాచ్: పాఠం బాగు, మెటీరియల్ దండగ

గ్రూప్-2 కోసం హన్మకొండ నయీంనగర్‌లో ఈ కోచింగ్‌లో చేరాను. అధికార విభజన (చట్టసభ, ప్రభుత్వం, కోర్టుల అధికారాలు వేర్వేరుగా ఉండటం) చాప్టర్‌ ఒక్కదానికే ఫీజు గిట్టుబాటైంది. సార్ అధికరణలు బట్టీ పట్టించరు. అమెరికాలో మంత్రి కాంగ్రెస్ సభ్యుడిగా ఉండకూడదు. మన దగ్గర మంత్రి ఆరు నెలల్లోపు ఏదో ఒక సభలో సభ్యుడు కావాల్సిందే. ఈ తేడా చెప్పాకే, కోర్టులను ప్రభుత్వ యంత్రాంగం నుంచి వేరుగా ఉంచాలనే 50వ అధికరణకు వచ్చారు. జడ్జీల నియామక కమిషన్ కోసం పార్లమెంటు తెచ్చిన 99వ రాజ్యాంగ సవరణను 2015లో సుప్రీంకోర్టు 4-1తో ఎందుకు కొట్టేసిందో బోర్డు నిండా బాణాలు గీసి చూపించారు.

మెటీరియల్ అయితే మసక జిరాక్స్. సభలో జడ్జీల ప్రవర్తనపై చర్చ వద్దనేది 121వ అధికరణ, సభ వ్యవహారాల్లో కోర్టులు తలదూర్చొద్దనేది 122. రెండూ తారుమారుగా అచ్చేశారు! చెప్తే ‘చూస్తాం మేడం’ అన్నారు, అంతే. వెనక బెంచీలకు మైకు వినపడదు, ముందే వెళ్లి సీటు పట్టుకోండి. డెమో క్లాసు ఫ్రీ, కానీ అడిగితేనే చెప్తారు.