డాబా మీద పఫ్ ప్యానెల్ గది: ప్యానెల్‌కి ఫుల్ మార్కులు, ఫిట్టింగ్‌కి పాస్ మార్కులు

ఖమ్మంలో మా డాబా మీద పఫ్ ప్యానెల్స్‌తో (రెండు స్టీల్ రేకుల మధ్య పాలీయురేథేన్ ఫోమ్ నింపిన పలకలు) ఒక గది వేయించాం, ఎండాకాలం వానాకాలం రెండూ చూశాక రాస్తున్నా. ఇటుక ఎందుకు వద్దనుకున్నామంటే స్లాబ్ పాతది, తొమ్మిదంగుళాల గోడ చదరపు మీటరుకి 400 కిలోల దాకా ఉంటుంది, 50 ఎంఎం ప్యానెల్ అయితే పది పన్నెండు కిలోలే, ఇద్దరు కుర్రాళ్లు భుజాన పెట్టుకుని మెట్లెక్కించేశారు.

వేడి సంగతి నిజంగా సూపర్. అంతే మందం ఇటుక కంటే ఈ ఫోమ్ దాదాపు ముప్పై రెట్లు తక్కువ వేడిని లోపలికి పోనిస్తుంది, మే నెల మిట్టమధ్యాహ్నం పైన రేకు మీద చెయ్యి పెట్టలేం గానీ లోపల సీలింగ్ ముట్టుకుంటే మామూలుగానే ఉంది. తెల్ల రంగే తీస్కోండి, ముదురు రంగు రేకు ఎండని తాగేస్తుంది.

కానీ రోడ్డు వైపు, అంటే పడమర, పెద్ద గ్లాస్ స్లైడింగ్ ఉంది మాకు. సాయంత్రం నాలుగింటికి గది ఉడికిపోతుంటే షాపాయన 80 ఎంఎం వేయించుకోవాల్సింది సార్ అంటాడు, ఎండ వచ్చేది కిటికీలోంచి అయితే గోడ ఎంత మందం ఉంటే ఏం లాభమండీ! బయట వెదురు తడిక కట్టాం, సగం వేడి తగ్గింది. తేలిక గోడ కదా, వేడి లోపలికొస్తే గది ఇట్టే వేడెక్కుద్ది, పొద్దుగూకి కిటికీలు తీస్తే అంతే త్వరగా చల్లబడుద్ది, కింద ఇటుక గదులేమో అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి.

మొదటి గట్టి వానకే గోడా పైకప్పూ కలిసే మూల నుంచి నీళ్లు కారాయి. ఎక్కి చూస్తే స్క్రూలు మరీ బిగించేసి రబ్బరు వాషర్లు నలిగి పక్కకి పొడుచుకొచ్చాయి, ఫ్లాషింగ్ (అతుకు మీద కప్పే వంచిన రేకు) కింద సీలెంట్ (సందులు మూసే జిగురు) అసలు లేదు. షాపుకి ఫోన్ చేస్తే కాస్త సిలికాన్ పూసేయండి సార్ అన్నారు, అంతే.

వంటగదికి మాత్రం పఫ్ వద్దు, అంటుకుంటే పొగ ఘోరం, రాక్‌వూల్ (కాలని రాతి పీచు) ప్యానెల్ బరువెక్కువైనా అదే నయం. గ్రీన్ ప్రొడక్ట్ అని ఊదరగొడతారు, ఫోమ్‌ని రీసైకిల్ చేయడం కష్టమే, కాకపోతే స్క్రూలిప్పి ఇంకోచోట మళ్లీ వాడుకోవచ్చు, అదొక్కటే ఇటుక కంటే ప్లస్సు. ఫోమ్‌ని పొంగించడానికి ఇదివరకు వాడిన, ఓజోన్‌ని తినే హెచ్‌సీఎఫ్‌సీ 141బి గ్యాస్‌ని 2020 జనవరి నుంచి మన దేశంలో ఆపేశారు, ఇప్పుడు ఫోమ్‌లో ఏ గ్యాస్ వాడుతున్నారని అడిగితే మాత్రం షాపులో ఎవరూ చెప్పరు.

కొటేషన్‌లో ఫ్లాషింగ్, సీలెంట్, సన్‌షేడ్, వెంటిలేటర్ వేర్వేరుగా రాయించుకోండి, మా దాంట్లో 'ప్యానెల్ విత్ ఫిట్టింగ్' అని ఒక్క ముక్కే ఉంది.