పులికాట్‌కు ఏ బైనాక్యులర్?

పులికాట్‌లో ఫ్లెమింగోలు తరచూ ఒడ్డుకు దూరంగానే మేస్తుంటాయి. పన్నెండు రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్‌ను గాలిలో చేత్తో పట్టుకుంటే దృశ్యం వణికిపోతుంది. కెనాన్ 12×36 ఐఎస్ 3లో బటన్ నొక్కగానే ఆ వణుకు కుదుటపడుతుంది; ఐఎస్ అంటే దృశ్యాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటే. ఫ్లెమింగో వంకర ముక్కు చివరి నలుపు కూడా తేటగా కనిపిస్తుంది. బరువు 660 గ్రాములే.

కెనాన్‌దే పెద్ద మోడల్ 10×42 ఎల్ ఐఎస్ కిలో దాటుతుంది, ధరా బాగా ఎక్కువ. అయినా నా మనసు దానివైపే. కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు ఇందులో 4.2 మిల్లీమీటర్లు, చిన్నదానిలో 3. నేలపట్టు పక్షుల కేంద్రంలో తెల్లవారుజామున గూడబాతులు చెట్లపై కదిలే మసక వెలుతురులో ఆ తేడా ఎంత విలువైనదో! వాన పడినా దీనికి భయం లేదు. చిన్నదాన్ని మాత్రం తడవకుండా దాచుకోవాలి. పొదలో తేనెపిట్ట రెండున్నర మీటర్ల దగ్గరకు వచ్చినా పెద్దది స్పష్టంగా చూపుతుంది. చిన్నదానికి ఆరు మీటర్లు కావాలి.