అమ్మానాన్నలతో బ్రూజ్: ఎక్కడ దిగాలి, ఏది వదిలేయాలి

నెదర్లాండ్స్‌లో ఉండే మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే వేసే ప్లాన్లలో ఇదొకటి: పొద్దున్నే కారెక్కి బెల్జియంలోని బ్రూజ్ వెళ్లడం, పడవ ఎక్కించడం, వాఫుల్ తినిపించడం, చీకటి పడేలోపు తిరిగొచ్చేయడం. మేం మాత్రం అక్కడే బస చేశాం. నన్నడిగితే ఆ ఊళ్లో డబ్బు పెట్టాల్సింది గదికే. టికెట్లు సగం మానేసినా పోయేదేం లేదు.

ఎందుకంటే పగలంతా జనమే. బ్రస్సెల్స్ నుంచి గంట రైలు ప్రయాణం కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్లు, జేబ్రుగ రేవులో ఓడ దిగి వచ్చేవాళ్లు అంతా పది దాటాక ఊరిమీద పడతారు. రోజెన్‌హూడ్‌కాయ్ మలుపులో, అంటే ప్రతి పోస్టుకార్డు మీదా కనిపించే ఆ కాలువ మూల దగ్గర, ఫొటోకి కూడా వంతు కోసం నిలబడాలి. సాయంత్రం బస్సులన్నీ వెళ్లిపోయాక అదే చోట అమ్మానాన్నలు గట్టు మీద కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నారు.

పాత ఊరి చుట్టూ గుడ్డు ఆకారంలో కాలువ ఉంటుంది. గది దాని లోపలే తీసుకోండి, కానీ మార్క్ట్ అనే పెద్ద చౌక్ పక్కన వద్దు. అక్కడ రేటెక్కువ, గంటల మోత అదనం. పాత ఇళ్లనే హోటళ్లుగా మార్చారు కాబట్టి చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేముందే ఫోన్ చేసి కింది గది ఇస్తారా అని అడగండి. మేం తూర్పు వైపు సింట్ అన్నా పేటలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రం, టిఫిన్‌కి బ్రెడ్డు, చీజు, గుడ్లు బాగానే పెట్టారు. రోడ్డు పక్క గది కావడంతో తెల్లారకముందే రాళ్ల బాట మీద సైకిళ్ల చప్పుడుకి మెలకువ వచ్చేసేది. అదొక్కటే లోటు. అక్కడి నుంచి క్రాయిస్‌వెస్ట్ గట్టు మీది గాలిమరల దాకా పొద్దుటి నడక నాన్నకి బాగా నచ్చింది. వాటిలో ఒకటి 1770లో కట్టినది, ఇప్పటికీ అదే చోట ధాన్యం విసురుతుంది.

మార్క్ట్‌లోని గంటల గోపురం బెల్‌ఫ్రీ గురించి అందరూ అడుగుతారు. 83 మీటర్ల గోపురం, 366 మెట్లు, పైకి వెళ్లేకొద్దీ ఇరుకయ్యే మెలికల మెట్లదారి. "ఇన్ని మెట్లెక్కి ఊరు చూడటమెందుకురా, కింద కనిపిస్తూనే ఉందిగా" అని నాన్న కిందే ఆగిపోయారు. ఆయన మాటలో తప్పులేదు. పైన దృశ్యం కంటే నాకు మధ్యలో కనిపించే యంత్రమే నచ్చింది. పెద్ద లోహపు డ్రమ్ము తిరుగుతుంటే దాని మీది మేకులు తీగల్ని లాగుతాయి, ఆ తీగలు పైనున్న గంటల్ని మోగిస్తాయి. మొత్తం 47 గంటలు. వారంలో కొన్ని రోజులు వాటిని మనిషే స్వయంగా వాయిస్తాడు, అది కింది ఆవరణలో కూర్చుని వినడానికి టికెట్ అక్కర్లేదు.

మా టికెట్ డబ్బులకు నిజంగా న్యాయం చేసింది సింట్ యాన్ ఆసుపత్రి. మధ్యయుగపు ఆసుపత్రి, ఇప్పుడు మ్యూజియం. అక్కడ చిత్రకారుడు హాన్స్ మెమ్లింగ్ 1489 నాటికి బొమ్మలు వేసి ఇచ్చిన కొయ్య పేటిక ఉంది, మూడడుగుల పొడవు, అచ్చం చిన్న గుడిలా. పక్క పలకల మీద సెయింట్ ఉర్సులా కథ. ఓడ దిగే ఆడవాళ్లు, వాళ్ల వెనక ఇంకా కడుతూ ఉన్న కొలోన్ చర్చి, అన్నీ వేలెడంత బొమ్మల్లోనే. అమ్మ కళ్లద్దాలు సవరించుకుంటూ దాని చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎదురుగా ఉన్న చర్చిలో మైకెలాంజెలో చెక్కిన పాలరాతి మేరీ మాత ఉంది. ఫ్రెంచివాళ్లు ఒకసారి, నాజీలు ఒకసారి ఎత్తుకుపోతే తిరిగొచ్చింది. చర్చిలోకి ఉచితమే గానీ విగ్రహమున్న భాగానికి టికెట్ ఉంటుంది.

ఇంత పాత ఊరు చెక్కుచెదరకుండా ఎలా ఉందంటే, పేదరికం వల్ల. సముద్రంతో కలిపే జ్విన్ పాయ ఇసుక మేటలు వేసి పూడిపోయాక వ్యాపారం ఆంట్‌వెర్ప్‌కి తరలిపోయింది. ఉన్న ఇళ్లు కూలగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరికీ లేకపోయింది. అలాగని కనిపించేదంతా మధ్యయుగపుదే అనుకోకండి. మార్క్ట్‌లో అందరూ ఫొటోలు తీసే ప్రొవిన్షియల్ కోర్టు భవనం 19వ శతాబ్దం చివర్లో పాత శైలిలో కట్టడం మొదలుపెట్టినదే.

పడవ మాత్రం ఎక్కండి, పొద్దున మొదటి పడవలకే. అరగంట తిప్పుతారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అమ్మకి చెయ్యందించారు. గుర్రబ్బండి ఎక్కకపోయినా పర్లేదు.

తిండి దగ్గర కాస్త జాగ్రత్త. బెల్జియం ఫ్రైస్‌ని సంప్రదాయంగా గొడ్డుకొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించేవాళ్లూ ఉన్నారు, అడిగి కొనండి. వాఫుల్‌లో గుడ్డు ఉంటుంది. మార్క్ట్‌లో ఒక రెస్టారెంట్‌లో మామూలు నీళ్లు ఇవ్వమంటే కుదరదన్నారు. సీసా నీళ్లు బిల్లులో చూసి నాన్న మొహం మాడిపోయింది. ఆ రాత్రి నుంచి సూపర్‌మార్కెట్ పెరుగు, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. నోటికీ హాయి, జేబుకీ హాయి.

కుర్రాళ్లు ఫ్రెండ్స్‌తో వెళ్తుంటే మాత్రం గెంట్‌లో దిగి, బ్రూజ్‌కి పొద్దున్నే ఓ పూట వెళ్లిరండి. రైల్లో అరగంటలోపే. గెంట్ యూనివర్సిటీ ఊరు కాబట్టి రాత్రి పొద్దుపోయాక కూడా సందడి ఉంటుంది. బ్రూజ్‌లో ఆ వేళకి వంటగదులు కట్టేసి ఉంటాయి.